తోటలోని శిలాదేవతలు, నింగిలోని పేర్లు: పోగ్సను మహాశయుని జీవితము

మన పీణ్యలో రాత్రివేళ ఆకాశము నిర్మలముగా కనుపించుట అరుదు. కర్మాగారముల దీపములును, వీథిదీపములును చిన్న చుక్కలనన్నింటిని కప్పివేయును. అయినను శుక్రుడు మాత్రము ఆ వెలుతురునంతను త్రోసిరాజని కాలమునుబట్టి సంజవేళ పడమటనో, వేకువజామున తూర్పుననో నిలిచి మెరయుచుండును. ఆ చుక్కను చూపి అది యెవరని అడిగినచో మన పిల్లలలో సగముమంది శుక్రాచార్యుడని చెప్పుదురు. బలిచక్రవర్తి వామనునకు దానమీయబోవునపుడు అడ్డుపడి కన్ను పోగొట్టుకొన్న రాక్షసగురువని కథయు వినిపింతురు. ఇంగ్లీషు పాఠము బాగుగా చదివినవారు వీనసు అందురు. వీనసు రోమను ప్రజల సౌందర్యదేవత. ఒకే చుక్క మనకు గడ్డముగల గురువు, వారికి పాలరాతి సుందరి! ఈ పేర్ల చిత్రమును గూర్చి ఆలోచించినప్పుడెల్ల మాకు నార్మన్ రాబర్టు పోగ్సను అను ఖగోళశాస్త్రజ్ఞుడు గుర్తునకు వచ్చును. ఆయన ముప్పది సంవత్సరములు మన చెన్నపట్నమున నివసించి, నింగిలో తాను కనుగొన్న క్రొత్త గోళములకు పాత పురాణములనుండి పేర్లు తెచ్చి పెట్టెను. ఈ సంచికలో ఆయన చరిత్రమును వ్రాయుచున్నాము.

అంతకు ముందు ఆ పేర్లు ఎక్కడనుండి వచ్చినవో కొంత తెలిసికొనవలెను. మన గోపురములమీదను, మండపస్తంభములమీదను రామాయణ భారత కథలు చెక్కబడియున్నట్లే, ఐరోపాలో రాజుల ఉద్యానవనములందు గ్రీకు, రోమను పురాణకథలు శిలారూపమున నిలిచియున్నవి. చదువురానివారు సయితము తోటలో తిరుగుచు దేవతల నెరుగుదురు. ఫ్రాన్సు దేశమున వెర్సాయి అను చోట పదునాలుగవ లూయీ రాజు వేయించిన తోటలో లటోనా జలయంత్రమని ఒకటి కలదు. లటోనా దేవి కవల పసిబిడ్డలను చంకనిడుకొని ఎండలో దప్పిగొని ఒక కొలను చేరినదట. అచ్చటి పల్లెవాండ్రు ఆమెను నీరు త్రాగనీయక, కొలనులో దిగి త్రొక్కి బురద చేసిరట. ఆమె మొరపెట్టుకొనగా వారందరును కప్పలైపోయిరి. శిల్పులు ఆ మార్పు జరుగుచున్న క్షణమునే పట్టుకొనిరి. కొందరికి తల మాత్రమే కప్పతల, కొందరు పూర్తిగా కప్పలు, అందరి నోళ్ళనుండియు నీరు ఎగజిమ్ముచుండును. దప్పిగొన్నవారికి నీరీయనివారి నోట నిత్యము నీరు కారునట్లు చేసిన ఆ శిల్పుల చమత్కారము మెచ్చదగినది. ఆ కవలబిడ్డలే అపోలో, డయానా, అనగా సూర్యచంద్రుల దేవతలు. అదే తోటలో మరికొంత దూరమున నీటిలోనుండి రథముతో పైకి వచ్చుచున్న అపోలో విగ్రహమును కలదు. రోము నగరమున మెదిచి వంశీయుల తోటలో ఒకప్పుడు ఒంటికాలిపై నిలిచి గాలిలోనికి ఎగిరిపోవుచున్నట్లున్న మెర్క్యురీ కంచు విగ్రహముండెను. అతడు దేవదూత, నింగిలో అతని పేరు గలది మన బుధగ్రహము. వరుణుని వంటి సముద్రదేవత నెప్ట్యూను లేని పెద్దతోట ఇటలీలో అరుదు. 1846లో క్రొత్త గ్రహమొకటి కనబడగా దానికి ఆ పేరే పెట్టిరి.

నార్మన్ పోగ్సను 1829 మార్చి 23వ తేదీన ఇంగ్లండులోని నాటింగ్‌హాము నగరమున జన్మించెను. మన పీణ్యలో ఉడుపుల కర్మాగారములున్నట్లే ఆ ఊరు మేజోళ్ళకును, లేసు అల్లికకును పేరుపొందినది. తండ్రి మేజోళ్ళ వ్యాపారి. కొడుకును వ్యాపారములోనే దింపవలెనని ఆయన సంకల్పము. పదునారేండ్లకే పాఠశాల చదువు ముగిసినది. కాని బాలుని మనస్సు గణితముమీద నిలిచెను. పదునెనిమిదవ యేట రెండు తోకచుక్కల కక్ష్యలను లెక్కగట్టి పెద్దల మెప్పు పొందెను. హిండ్ అను ఖగోళజ్ఞుడు చేరదీయగా 1851లో లండనులోని ఒక ధనికుని సొంత వేధశాలలో సహాయకుడుగా చేరెను. మరుసటి యేట ఆక్స్‌ఫర్డులోని రాడ్‌క్లిఫ్ వేధశాలకు మారెను. కళాశాల పట్టము లేనివాడు ఆక్స్‌ఫర్డులో పనిచేయుట ఆ దినములలో సామాన్యము కాదు.

ఆ కాలమున ఖగోళజ్ఞులందరికి లఘుగ్రహముల వేట ఒక వ్యసనముగా ఉండెను. కుజ గురు గ్రహముల నడుమ సూర్యుని చుట్టు తిరుగు చిన్న గోళములను లఘుగ్రహములందుము. మొదటిదైన సీరీసును 1801 జనవరి 1వ తేదీన పియాజీ అను ఇటలీ పండితుడు కనుగొనెను. సీరీసు పైరుపంటల దేవత. తరువాత దొరకినవి పల్లస్, జూనో, వెస్టా. అప్పటినుండి లఘుగ్రహములకు దేవతాస్త్రీల పేర్లు పెట్టుట ఆచారమయ్యెను. వేట విధానము చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. నింగిలో ఒక చిన్న భాగమును ఎంచుకొని అందలి ప్రతి చుక్కను పటములో గుర్తించవలెను. మరునాడు మరల చూడవలెను. అన్నియు ఉన్నచోటనే ఉండి ఒక్కటి మాత్రము జరిగినచో అది చుక్క కాదు, గ్రహము. జాతరలో కూర్చున్న వేయిమందిలో ఒక్కడు మెల్లగా స్థలము మార్చుకొన్నచో కనిపెట్టుట వంటిదే ఈ పని. రాత్రుల తరబడి కన్ను దూరదర్శినికి ఆనించి కూర్చుండవలెను. ఛాయాచిత్రములు ఈ పనికి ఉపయోగపడుట చాల తరువాతి మాట.

1856 మే 23వ తేదీ రాత్రి పోగ్సనునకు మొదటి లఘుగ్రహము దొరకెను. వరుసలో అది 42వది. దానికి ఐసిస్ అని నామకరణమయ్యెను. ఐసిస్ ఈజిప్టు దేవత. ఆక్స్‌ఫర్డు ప్రక్కన పారు థేమ్సు నదికి అచ్చటివారు పిలుచుకొను పేరును అదియే. అంతకంటె ముఖ్యముగా పోగ్సను ముద్దుకూతురు ఎలిజబెత్తు ఐసిస్ పేరులోను అది కలదు. అప్పటికి ఆ పాపకు మూడేండ్లు నిండి నాలుగవయేడు నడుచుచుండెను. ఆ పాపను గూర్చి మరల చెప్పుదుము. ఈ ఆవిష్కరణమునకు పారిసు విద్యాపరిషత్తు పోగ్సనునకు లలాండు బహుమానమిచ్చెను.

మరుసటి సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన దొరకినది 43వది, అరియాడ్నె. ఈమె కథ మన నలదమయంతుల కథకు దగ్గర చుట్టము. క్రీటు ద్వీపపు రాజకుమార్తె అరియాడ్నె, చిక్కుదారుల భవనములో ఎద్దుతలరాక్షసుని చంపబోవు థీసియసునకు దారి తప్పకుండ దారపుండ యిచ్చి కాపాడినది. అతడామెను వెంట తీసికొనిపోయి, నక్సాసు దీవిలో నిద్రించుచుండగా విడిచి ఓడ నెక్కి వెళ్ళిపోయెను. అడవిలో నిదురించు దమయంతిని నలుడు విడిచినట్లే. కాని నలుడు మరల వచ్చెను, థీసియసు రాలేదు. డయొనీససు అను దేవుడు ఆమెను కనికరించి పెండ్లాడి, ఆమె పెండ్లికిరీటమును నింగిలో చుక్కలుగా నిలిపెనని గ్రీకులు చెప్పుదురు. అదియే ఉత్తరకిరీటమను తారామండలము. వేసవి రాత్రులలో స్వాతి నక్షత్రమునకు తూర్పుగా సగము గాజు వలె వంగిన చుక్కలను మీరు చూడవచ్చును. పీణ్యలో కాకపోయినను సెలవులకు మీ పల్లెలకు పోయినప్పుడు తప్పక చూడవచ్చును.

నిదురించు అరియాడ్నె పాలరాతి విగ్రహమొకటి రోములో కలదు. రెండవ జూలియసు పోపు 1512లో దానిని కొని తన తోటలో నీటిధార నడుమ ఉంచెను. ఆమె దండకు పాముకడియముండుట చూచి, పాముకాటుతో చనిపోయిన క్లియోపాత్ర రాణి యని అందరును అనుకొనిరి. రెండువందల యేండ్లకు పైగా ఆ పేరే నడచినది. తరువాతగాని పండితులు ఆమె అరియాడ్నె యని తేల్చలేదు. దాని నకళ్ళు వెర్సాయి మొదలగు అనేక తోటలలో వెలసినవి. రాయి మారకుండగనే దానిపై పేరు మారుట ఎంత విచిత్రము! నింగిలో ఇట్టి పొరపాటునకు తావు తక్కువ. ప్రతి లఘుగ్రహమునకు పేరుతోపాటు ఒక సంఖ్యయు ఉండును గదా.

అదే యేట ఆగస్టు 16వ తేదీన మూడవది దొరకెను. దాని పేరు హెస్టియా. ఆమె ఇంటిపొయ్యికి అధిదేవత. గ్రీకుల హెస్టియాయే రోమనుల వెస్టా. వెస్టా పేరు అంతకు ముందే మరియొక లఘుగ్రహమునకు ఉన్నది. ఒకే దేవతకు నింగిలో రెండిండ్లు! పేర్ల విషయమున ఖగోళజ్ఞులకు అప్పటికే కరవు మొదలైనదని మేమనుకొందుము.

పోగ్సను పేరు నేటికిని ప్రతిదినము శాస్త్రజ్ఞుల నోట నిలుచుటకు కారణము ఈ గ్రహములు కావు, ఒక సంఖ్య. ప్రాచీన గ్రీకులు చుక్కలను వెలుగునుబట్టి ఆరు తరగతులుగా విభజించిరి. మిక్కిలి వెలుగుగలవి మొదటి తరగతి. కంటికి కనబడి కనబడనివి ఆరవ తరగతి. పాఠశాల తరగతులకు ఇది తలక్రిందులని మీరు గమనించియుందురు. కాని ఒక తరగతికిని మరియొక తరగతికిని భేదమెంత? ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క చెప్పుచుండిరి. మొదటి తరగతి చుక్క ఆరవ తరగతి చుక్కకంటె సుమారు నూరురెట్లు వెలుగుగలదని తెలియుచున్నది గనుక, ఐదు మెట్లకు సరిగా నూరురెట్లని నిర్ణయించినచో సరిపోవునని 1856లో పోగ్సను సూచించెను. అప్పుడు ఒక్కొక్క మెట్టునకు 2.512 రెట్లగును. ఆ సంఖ్య సంవర్గమానము 0.4, లెక్కలు చేయువారికి ఇంతకంటె సుఖమేమున్నది? పై తరగతుల విద్యార్థులు 2.512ను ఐదుమారులు గుణించి చూడుడు. నేడు అంతరిక్షములో తిరుగు మహాదూరదర్శినులు చూచు అతిమంద నక్షత్రములకును ఈ కొలతయే వాడుకలో నున్నది.

1859లో పోగ్సను హార్ట్‌వెల్ అనుచోట జాన్ లీ అను విద్యాప్రియుని వేధశాలకు అధిపతి అయ్యెను. 1860 అక్టోబరులో మద్రాసు ప్రభుత్వ ఖగోళజ్ఞుడుగా నియమింపబడి భార్యాబిడ్డలతో ఓడనెక్కెను. ఇంగ్లండునకు మరల స్థిరముగా పోవుట ఆయన నుదుట వ్రాసియుండలేదు.

మద్రాసు వేధశాల నుంగంబాకములో 1792లో వెలసినది. దానిని నిర్మించినవాడు మైకేల్ టాపింగు. యంత్రము కదలకుండ నిలుపుటకు పది టన్నుల బరువుగల నల్లరాతి స్తంభమును నాటి, ఆ వేధశాల వెలసిన వృత్తాంతమును రాబోవు తరములవారికై దానిపై చెక్కించెను. లాటిను భాషతోను, మన దేశపు ఇతర భాషలతోను పాటు తెలుగులోను ఆ మాటలు చెక్కబడియున్నవి. చెన్నపట్నమున అప్పుడు తెలుగు ఎంతగా వినబడెడిదో దీనివలన తెలియగలదు.

పోగ్సను వచ్చిన కొలది మాసములకే, 1861 ఏప్రిల్ 17వ తేదీన, 67వ లఘుగ్రహము కనబడెను. ఆసియా ఖండమునుండి కనుగొనబడిన లఘుగ్రహములలో అదియే మొదటిది గనుక దానికి ఏషియా యని పేరుపెట్టెను. ఇందులో శ్లేష యున్నది. ఏషియా గ్రీకు పురాణమున ఒక జలదేవత పేరును గదా! ఆమె భర్త యాపెటసు; అట్లాసు, ప్రొమిథియసు, ఎపిమిథియసు ఆమె కుమారులని ఒక పురాణము చెప్పుచున్నది. ప్రొమిథియసు మానవులకొరకు స్వర్గమునుండి నిప్పు దొంగిలించి తెచ్చినవాడు. అట్లాసు నింగిని భుజములపై మోయువాడు. ఇంగ్లండులో కాసిల్ హోవర్డు తోటలో గోళమును మోయుచు మోకరిల్లిన అతని విగ్రహమును నేటికిని చూడవచ్చును. ఈ యాపెటసును, ముగ్గురు కొడుకులును ఇప్పుడు శనిగ్రహమునకు ఉపగ్రహములు. తండ్రి 1671లోనే దొరకినను కొడుకులు ఇరువదవ శతాబ్దిలోగాని దొరకలేదు. తల్లి మాత్రము వారికి దూరముగా, కుజ గురు గ్రహముల నడుమ, మద్రాసులో పుట్టిన పేరుతో ఒంటరిగా తిరుగుచున్నది. పోగ్సనునకు ఈ సంసారపు కథ పూర్తిగా తెలియు అవకాశము లేకపోయెను. ఏషియా దొరకిన పండ్రెండు దినములకు జర్మనీలో లూథరు అను పండితునకు 68వది దొరకెను. దాని పేరు లీటో. మనము వెర్సాయి తోటలో చూచిన లటోనాయే ఈ లీటో.

1864లో శాఫో, 1866లో సిల్వియా, 1868లో కమిలా, 1885లో వేరా యనువానిని ఆయన మద్రాసునుండియే కనుగొనెను. వీనిలో శాఫో దేవత కాదు, గ్రీకు కవయిత్రి. మొల్ల పేరు చుక్కకు పెట్టినట్లు. కమిలా పైరుమీద పరుగెత్తినను కంకి వంగని వీరవనిత. సిల్వియా కథ మాత్రము కొంచెము చెప్పవలెను. ఆమె కవలలను ప్రసవింపగా దుష్టుడైన పినతండ్రి బిడ్డలను నదిలో విడిపించెను. పెట్టెలో గంగపాలైన కర్ణుని మనమెరుగుదుము. కర్ణుని సూతుడు పెంచెను. ఈ కవలలకు మొదట ఒక ఆడుతోడేలు పాలిచ్చెను. వారే రోము నగర నిర్మాతలైన రోములసు, రీమసు. తివోలి అనుచోట ఎస్తే తోటలోని జలయంత్రము నడుమ ఆ తోడేలును, పాలు త్రాగు బిడ్డలును శిలలో కనుపింతురు. ఇక నింగిలో జరిగినది వినుడు. పోగ్సను పోయిన నూరేండ్లు దాటిన పిమ్మట సిల్వియా చుట్టు రెండు చిన్న ఉపగ్రహములు తిరుగుచున్నట్లు తెలిసెను. ఒకటి 2001లోను, మరియొకటి 2004లోను దొరకినవి. వానికి రోములసు, రీమసు అను పేర్లే పెట్టిరి. రెండు ఉపగ్రహములుగల లఘుగ్రహముగా మొదట తెలియవచ్చినది ఇదియే. తల్లినుండి వేరుచేయబడిన బిడ్డలు నింగిలోనైనను తల్లిని చేరిరి.

ఆయన కేవలము గ్రహములవేటలోనే కాలము పుచ్చలేదు. వెలుగు హెచ్చి తగ్గు నక్షత్రములను గమనించుటలో ఆయనకు సాటివారు కొలదిమందియే. వృశ్చికరాశిలో 1863 మేలో ఒక చుక్క అకస్మాత్తుగా వెలిగి ఆరిపోవుట ఆయన చూచెను. అది కొన్ని ఏండ్లకొకసారి మరల మరల ప్రజ్వరిల్లునదని తరువాత తెలిసినది. మొన్న 2022లో సయితము అది వెలిగినది. పదునొకండువేల పైచిలుకు నక్షత్రముల స్థానములను కొలిచి పట్టిక తయారు చేయు మహత్కార్యమును వేధశాల ఆయన ఏలుబడిలో ఇరువదియైదేండ్లు నడపెను. ఆ పనిలో కుడిభుజముగా నిలిచినవాడు చింతామణి రఘునాథాచారి. ఆయన పంచాంగములు గణించు వంశమున పుట్టి, 1867లో ఒక చరకాంతి నక్షత్రమును తానే కనుగొని, 1872లో ఇంగ్లండు రాజకీయ ఖగోళ సంఘమున సభ్యుడైన మొదటి భారతీయుడయ్యెను. 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచినపుడు దానినిగూర్చి ప్రజలకు తెలియునట్లు ఆయన చిన్న పుస్తకము వ్రాయగా అది దేశభాషలలోను వెలువడెను. అదే దినమున విశాఖపట్నము దాబాతోటలలో అంకితం వెంకట నరసింగరావు పంతులు తన సొంత వేధశాలనుండి ఆ వింతను చూచెను. ఆ వేధశాల ఆయన మామగారు గోడె వెంకట జగ్గారావు కట్టించినది. తోటలో విగ్రహములు నిలిపిన జమీందారులను విన్నాము. దూరదర్శిని నిలిపిన జమీందారు తెలుగువాడగుట మనకు సంతోషము.

1868 ఆగస్టు 18వ తేదీ మన తెలుగునాటి చరిత్రలో పెద్ద అక్షరములతో వ్రాయదగిన దినము. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ వనపర్తి, గుంటూరు, మచిలీపట్నము సీమలమీదుగా సాగినది. ఫ్రాన్సునుండి జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. రఘునాథాచారి వనపర్తిలో నిలిచెను. పోగ్సను మచిలీపట్నము చేరెను. సూర్యుడు పూర్తిగా మరుగుపడినపుడు అంచున ఎర్రని జ్వాలలు కనబడును. ఆ జ్వాలలు దేనితో చేయబడినవో తెలిసికొనుటకు వాని వెలుగును పట్టకముద్వారా విడదీసి చూడవలెను. మీ యింట పొయ్యిమంటలో ఉప్పు పడినపుడు మంట పసుపుపచ్చనగుట చూచియుందురు. అది ఉప్పులోని సోడియము పలుకు భాష. ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క రంగుగీత. ఆనాడు సూర్యజ్వాలలో ఒక పసుపుగీత కనబడెను. పలువురు అది సోడియపు గీతయే యనుకొనిరి. పోగ్సను తొందరపడక, ఆ గీత సోడియపు చోటనో, దాని దాపుననో ఉన్నదని మాత్రము వ్రాసికొనెను. ఆ చిన్న సందేహమే అసలు విషయము. ఆ యేటనే ఇంగ్లండులో లాకియరు అది సోడియపుది కాదని స్పష్టముగా కొలిచి చూపెను. భూమిమీద ఎవరును ఎరుగని ఆ పదార్థమునకు గ్రీకు సూర్యదేవుడైన హీలియసు పేరుమీదుగా హీలియము అని పేరు వచ్చెను. 1895లో రామ్సే భూమిమీదను దానిని కనుగొనెను. జాన్సెనునకును లాకియరునకును దక్కిన కీర్తి పోగ్సనునకు దక్కలేదు. ఆయన నివేదిక మద్రాసులో అచ్చుపడి, మద్రాసులోనే నిలిచిపోయినది.

ఇది ఆయన జీవితమంతటికిని వర్తించును. వేధశాలకు తగినంతమంది సహాయకులు లేరు. ఎంత కొలిచినను, కొలిచినవానిని లెక్కకట్టి అచ్చొత్తించుటకు తీరిక లేదు. ఇంగ్లండులోని ఖగోళ పెద్దలతో ఆయనకు పొత్తు కుదరలేదు. వారు దూరమునుండి ఆజ్ఞలు పంపుదురు, ఈయన వంగడు. తప్పు ఎవరిదని తీర్చుటకు మేము పూనుకొనము; ఈయనకును కొంత మొండితనముండెనని మాత్రము చెప్పక తప్పదు. 1869లో భార్య గతించెను. పదునొకండుగురు సంతానము. 1872లో జర్మనీనుండి ఒక తంతి వచ్చెను: బియేలా తోకచుక్క భూమిని తాకి పోయినది, దక్షిణమున వెదకుమని. ఆయన వెదకి డిసెంబరు మొదటివారమున మబ్బుల సందున నిజముగానే ఒక తోకచుక్కను చూచెను. అది వెదకిన చుక్క కాదని తరువాతి లెక్కలు తేల్చినవి.

1873లో వేధశాలకు గణకురాలుగా ఆయన కుమార్తె ఐసిస్ నియమింపబడెను. జీతము నెలకు 150 రూపాయలు. మూడేండ్ల వయసున నింగికి ఎక్కిన పేరుగల ఆ బాలిక అప్పటికి ఇరువదేండ్ల యువతి. ఇరువదియైదు సంవత్సరములామె అచ్చటనే పనిచేసెను. 1881నుండి మద్రాసు రాష్ట్రపు వాతావరణ నివేదికల భారమును వహించెను. 1886లో తండ్రి ఆమె పేరును రాజకీయ ఖగోళ సంఘమునకు సూచింపగా, సంఘపు శాసనములో సభ్యుని గూర్చి పురుషవాచక సర్వనామము మాత్రమే యున్నదని న్యాయవాదులు అడ్డు చెప్పిరి. వ్యాకరణము బోధించు మాకు ఈ సంగతి చదివినప్పుడు నవ్వును వచ్చినది, బాధయు కలిగినది. మన తెలుగులో స్త్రీవాచకము ఏకవచనమున అమహత్తుతోను, బహువచనమున మహత్తుతోను చేరునని తొమ్మిదవ తరగతివారికి చెప్పుచుందుము. అది మాటల పొందికకే గాని మనుష్యుల యోగ్యతకు కొలత కాదు. 1920లోగాని ఐసిస్‌కు ఆ సభ్యత్వము లభించలేదు. అప్పటికామె వయస్సు అరువది దాటినది. ఆమె 1945లో మరణించెను.

పోగ్సనునకు 1878లో ప్రభుత్వము బిరుదమిచ్చి గౌరవించెను. 1883లో ఆయన మరల వివాహమాడెను. రెండేండ్ల పిమ్మట దొరకిన చివరి లఘుగ్రహమునకు వేరా అని పేరు సూచించినది ఆ రెండవ భార్యయే. వేరా అనగా లాటినులో సత్యమైనది. ఆయన నడపిన గడియారములనుబట్టి దేశములోని రైళ్ళు కదలుచుండెను. బెంగుళూరు బండి సయితము మద్రాసు కాలము ప్రకారము బయలుదేరెడిది. 1891 జూను నెలలో, కొలువులో ఉండగనే, ఆయన మద్రాసులో కన్నుమూసెను. హీలియము భూమిమీద దొరకుటకు అప్పటికి ఇంక నాలుగేండ్లున్నవి. చరకాంతి నక్షత్రములనుగూర్చి ఆయన వ్రాసియుంచిన పరిశీలనలు 1908లో గాని ఇంగ్లండున అచ్చుకాలేదు.

వేధశాల పని 1899లో కొడైకెనాలు కొండకు మారినది. ఆ పరంపర నుండి వచ్చినదే మన బెంగుళూరు కోరమంగలలోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ. దానిని తీర్చిదిద్దిన వేణు బాప్పు హైదరాబాదులో చదువుకొన్నవాడు. 2023 సెప్టెంబరు 2వ తేదీన శ్రీహరికోటనుండి ఎగిరిన ఆదిత్య నౌకలో సూర్యుని అంచు వెలుగును పరిశీలించు ముఖ్యయంత్రము ఆ సంస్థవారు చేసినదే. మచిలీపట్నములో పోగ్సను కొన్ని నిమిషములు మాత్రమే చూడగలిగిన సూర్యుని పరివేషమును అది గ్రహణము లేకుండగనే చూచుచున్నది. ఆ నౌకకు ఆజ్ఞలు పంపు కేంద్రము ఎక్కడనో లేదు, మన పీణ్యలోనే యున్నది. మీలో పలువురి తల్లిదండ్రులు షిఫ్టునకు పోవుచు ఆ గోడప్రక్కనుండియే నడచుచుందురు. 2023 ఆగస్టు 23వ తేదీన చంద్రునిపై మన విక్రముడు దిగినదియు ఇచ్చటివారి చేతిమీదుగానే. దిగిన చోటికి శివశక్తి అని పేరుపెట్టగా 2024 మార్చిలో అంతర్జాతీయ ఖగోళ సంఘము దానిని అంగీకరించినది. పేర్లు పెట్టు వంతు మనకును వచ్చినది.

నుంగంబాకములోని పాత వేధశాల భవనము ఇప్పుడు లేదు. ఆ ఆవరణలో వాతావరణ శాఖవారి కార్యాలయమున్నది. నల్లరాతి స్తంభము మాత్రము చెట్లనడుమ నిలిచియున్నది. దానిమీది తెలుగు అక్షరములును నిలిచియున్నవి. చెన్నపట్నమునకు బంధువుల యిండ్లకు పోవు పిల్లలు పెద్దలను వెంటబెట్టుకొని, అనుమతి అడిగి, ఆ అక్షరములను చదివి వచ్చెదరు గాక.